చీటీ తీసి, పాత సామాన్లతో బొమ్మ చేయడం ఎలా: మొదటి నుంచి చివరి దాకా

ఆదివారం పొద్దున మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పిల్లలతో పాత సామాన్ల బొమ్మలు చేయిస్తుంటాను. ఆ బొమ్మలు ఇళ్లకు చేరాక తల్లిదండ్రులు నన్ను అడిగేది ఎప్పుడూ ఒకటే: "మేమూ అట్టపెట్టెలు, కత్తెర ముందు పెట్టాం. పావుగంటకే విసుగొచ్చి లేచిపోయారు. మీ దగ్గర గంటన్నర ఎలా కూర్చుంటున్నారు?"

వాళ్లను కూర్చోబెట్టేది చీటీ, అంటే ఏ బొమ్మ చేయాలో రాసి డబ్బాలో వేసి పిల్లలతో తీయించే కాగితం ముక్క. "ఏదైనా చెయ్యి" అంటే పిల్లలకే కాదు, పెద్దలకూ చెయ్యి ఆడదు. "అలిగిన ప్రెషర్ కుక్కర్ చెయ్యి, అందులో ఏదో ఒకటి కదలాలి" అనండి. కళ్లు వెంటనే మూత కోసం, పుల్ల కోసం వెతుకుతాయి. అందుకే ఈ పనిలో సామాన్ల కంటే చీటీల మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు.

## 1. సామాన్లు పోగు చేయడం

కనీసం రెండు వారాల ముందు మొదలుపెట్టండి. వంటింటి గట్టు కింద ఒక సంచి తగిలిస్తే చాలు. కొత్తగా ఏదీ కొనకండి. కొన్న వస్తువును పాడుచేయడానికి పిల్లలు భయపడతారు, భయపడితే బొమ్మ బిగుసుకుపోతుంది.

పోగు చేయదగ్గవి:

- పార్సిల్ అట్టపెట్టెలు, చెప్పుల డబ్బాలు, గుడ్ల ట్రేలు, ఖాళీ అగ్గిపెట్టెలు
- పాత పెళ్లి శుభలేఖలు (మందంగా ఉంటాయి, బంగారు అంచు ఉచితం)
- పెరుగు డబ్బాలు, సీసా మూతలు, టూత్‌పేస్ట్ మూతలు
- కొబ్బరి చిప్పలు, కొబ్బరి పీచు, చీపురులోంచి రాలిన ఈనెలు
- టైలర్ దగ్గర మిగిలిన గుడ్డ పీలికలు, ఊడిన గుండీలు, పాడైన జిప్పులు
- ఐస్‌క్రీం పుల్లలు, విరిగిన బట్టల క్లిప్పులు, దారపు రీళ్లు, పురికొస
- చింతగింజలు, సీతాఫలం గింజలు, ఎండిన మామిడి టెంకలు, తాటి టెంకలు

చివరి వరుసను చిన్నచూపు చూడకండి. నల్లగా నిగనిగలాడే సీతాఫలం గింజను మించిన కన్ను ఏ షాపులోనూ దొరకదు. కడిగి ఎండబెట్టిన మామిడి టెంకకు పీచు నిలబడి ఉంటుంది. దాన్ని తిరగేస్తే నిద్ర లేచిన మనిషి జుట్టు. తాటి టెంక అయితే గడ్డం పెంచిన తాతయ్యే. ఒక్క జాగ్రత్త: సీతాఫలం గింజల్ని నలగ్గొట్టకూడదు, వాటి పొడి కంట్లో పడితే బాగా మండుతుంది.

దగ్గరికి రానివ్వకూడనివి:

- గురివింద గింజలు. ఎర్రగా, నల్ల చుక్కతో ఎంతో ముద్దుగా ఉంటాయి. కానీ నమిలితే ప్రాణం మీదికి తెచ్చే విషం.
- గడియారాల్లోని గుండ్రటి చిన్న బ్యాటరీలు. పిల్లలు మింగితే లోపల కాలుతుంది.
- ట్యూబ్‌లైట్లు, సీఎఫ్ఎల్ బల్బులు. లోపల పాదరసం ఉంటుంది.
- పగిలిన గాజులు, విరిచిన సీడీలు, అంచు చీరుకునే రేకు డబ్బాలు
- సిరంజిలు, మందుల సీసాలు, పురుగుమందు డబ్బాలు. ఎంత కడిగినా వద్దు.

## 2. కడగడం, ఆరబెట్టడం, సర్దడం

ఇది విసుగు పని. కానీ దీన్ని వదిలేస్తే మూడో రోజుకు చీమలు, వారానికి వాసన.

పెరుగు డబ్బాల్ని సబ్బుతో కడిగి రాత్రంతా బోర్లించాలి. జిడ్డు ఉన్న ప్లాస్టిక్‌కు ఏ జిగురూ అంటదు. లేబుళ్లు రాకపోతే అరగంట గోరువెచ్చని నీళ్లలో నానబెట్టండి. మిగిలిన జిగట మీద కొబ్బరి నూనె రాసి, గుడ్డతో తుడిచి, మళ్లీ సబ్బుతో కడగండి. కొబ్బరి చిప్పను లోపలి కొబ్బరి పూర్తిగా పోయేదాకా ఎండలో పెట్టి, పైన ఉప్పు కాగితంతో రుద్దితే చేతికి గుచ్చుకోదు.

అట్టపెట్టెలకు ఉన్న టేపు, పిన్నులు ముందే పీకేసి, పెట్టెల్ని విప్పి చదునుగా పేర్చండి. చోటు కలిసొస్తుంది.

తర్వాత సర్దడం. అందరూ ప్లాస్టిక్ ఒకచోట, కాగితం ఒకచోట పెడతారు. నేనలా చేయను. ఆకారాన్ని బట్టి ఐదు డబ్బాల్లో వేస్తాను: గుండ్రటివి, పొడుగువి, పలచనివి, మెత్తనివి, వింతవి. చక్రం కావాల్సిన పిల్లాడు ప్లాస్టిక్ కోసం వెతకడు, గుండ్రటిదాని కోసం వెతుకుతాడు. అదే డబ్బాలో సీసా మూత పక్కన గుండీ, గుండీ పక్కన చింతగింజ కనబడితే, తను అనుకున్నదానికంటే మంచి చక్రం తనకే దొరుకుతుంది.

"వింతవి" డబ్బా మాత్రం తప్పకుండా ఉండాలి. పాడైన గ్యాస్ లైటర్ పిడి, ఒంటి చెవి కమ్మ, తాళం లేని తాళంచెవి. పిల్లలు ముందు చెయ్యి పెట్టేది అందులోనే.

## 3. జిగురు, కట్టు

అతకడమే ఈ పనిలో అందరూ ఓడిపోయే చోటు. జిగురు కంటే ముందు కట్టడం, దూర్చడం, కోసి ఇరికించడం నేర్పండి. పుల్లకు పురికొస చుట్టి ముడేస్తే జిగురు ఆరేదాకా ఎదురుచూడక్కర్లేదు. అట్టలో చిన్న చీలిక కోసి ఇంకో అట్టను అందులోకి దింపితే అసలు జిగురే అక్కర్లేదు.

దేనికి ఏది:

- కాగితం మీద కాగితానికి మైదా జిగురు
- అట్టకు అట్ట, అట్టకు పుల్ల అయితే ఫెవికాల్, పైన పది నిమిషాలు బట్టల క్లిప్పు
- గుడ్డకు సూది, దారం
- ప్లాస్టిక్‌కు ప్లాస్టిక్ అయితే బెజ్జం వేసి దారం గాని, సన్న తీగ గాని
- థర్మోకోల్‌కు ఫెవికాల్ లేదా పుల్లలు గుచ్చడం. చెప్పులు అతికించే ఘాటైన జిగురు పూస్తే థర్మోకోల్ కరిగి గుంట పడుతుంది. వేడి తీగతో కోయడం కూడా వద్దు, ఆ పొగ మంచిది కాదు.

మైదా జిగురు ఇలా కాయండి:

1. ఒక కప్పు మైదాలో ఒక కప్పు చల్లటి నీళ్లు పోసి ఉండలు లేకుండా కలపండి.
2. మూడు కప్పుల నీళ్లు మరిగించండి.
3. మంట తగ్గించి, మైదా నీళ్లను సన్నటి ధారగా పోస్తూ గరిటె ఆపకుండా తిప్పండి.
4. మూడు నాలుగు నిమిషాల్లో తెలుపు తగ్గి గంజిలా మెరుస్తుంది. ఒక చెంచా ఉప్పు వేసి దించండి.
5. చల్లారాక ఇంకా చిక్కబడుతుంది కాబట్టి కాస్త పలచగా ఉన్నప్పుడే దించాలి.

మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే మూడు రోజులు వాడుకోవచ్చు. పుల్లటి వాసన వస్తే పారేయండి. పూర్వం పురుగు పట్టకుండా ఇందులో మైలతుత్తం కలిపేవారు. అది విషం. పిల్లల చేతులు పడే జిగురులో కలపనే కూడదు.

చింతగింజల జిగురు ఇంకా గట్టిది. కొండపల్లి బొమ్మల ముక్కలు అతకడానికి ఇప్పటికీ చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కు వాడతారు. కానీ గింజలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, రుబ్బి, ఉడికించాలి. మొదటి ఆదివారానికి మైదా చాలు.

## 4. చీటీలు రాయడం

మూడు ఖాళీ అగరబత్తి డబ్బాలు తీసుకోండి. ఒకదాని మీద "ఎవరు", రెండోదాని మీద "ఏమైంది", మూడోదాని మీద "షరతు" అని రాయండి. ఒక్కో డబ్బాలో పది చీటీలు వేస్తే వెయ్యి రకాల కలయికలు వస్తాయి. ఏళ్ల తరబడి ఒకటే బొమ్మ రెండుసార్లు చేయాల్సిన పని ఉండదు.

మా డబ్బాల్లో ఉన్నవి కొన్ని:

ఎవరు
ప్రెషర్ కుక్కర్, గంగిరెద్దు, ఆర్టీసీ బస్సు, పొలంలో దిష్టిబొమ్మ, పందిరి మీద బీరకాయ, కాకి, పాత గొడుగు, పోస్ట్‌మాన్, ఇడ్లీ, చందమామ

ఏమైంది
అలిగింది, ఒక చెప్పు పోయింది, తుమ్ము ఆగడం లేదు, అద్దె ఇల్లు వెతుక్కుంటోంది, మొదటిసారి సముద్రం చూసింది, పెళ్లికి ఆలస్యమైంది, ఎవరో పిలిచినట్టు వెనక్కి తిరిగింది, నిద్ర పట్టడం లేదు, కొత్త బట్టలు కట్టుకుంది, రహస్యం దాస్తోంది

షరతు
ఏదో ఒకటి కదలాలి, జిగురు వాడకూడదు, కత్తెర ముట్టుకోకూడదు, ఐదే వస్తువులు, అరచేతిలో పట్టాలి, తనంతట తాను నిలబడాలి, శబ్దం చేయాలి, ముఖం ఉండకూడదు, ఒక్క రంగే ఉండాలి, పక్కవాళ్లు ఇచ్చిన వస్తువు ఒకటి తప్పకుండా వాడాలి

మంచి చీటీని గుర్తుపట్టడం తేలికే. చదవగానే ఒక ఇబ్బందో, ఒక కదలికో కళ్లకు కట్టాలి. "సంతోషం" అని రాస్తే ఏమీ కనబడదు. "ప్రకృతి అందాలు" అంటే అందరూ రెండు కొండలు, మధ్యలో సూర్యుడు చేస్తారు. "పర్యావరణాన్ని కాపాడండి" అంటే పిల్లలు బొమ్మ చేయరు, నినాదం రాస్తారు. "ఒక చెప్పు పోయింది" అంటే మాత్రం ఒంటికాలి మీద నిలబడ్డ గంగిరెద్దు వస్తుంది. ఇంతకుముందు ఎవరూ చూడని గంగిరెద్దు.

రాసేటప్పుడు గుర్తుంచుకోవాల్సినవి:

- ఒక్కో చీటీలో నాలుగైదు మాటలు దాటకూడదు.
- సినిమా హీరోలు, కార్టూన్ బొమ్మలు వద్దు. వాటి రూపం ముందే ఖాయమైపోయింది, పిల్లలు దాన్నే కాపీ కొడతారు.
- సగం చీటీలు పిల్లలతోనే రాయించండి. "నిద్ర పట్టడం లేదు" మా కింది ఫ్లోర్‌లో ఉండే రెండో తరగతి పాప రాసింది. పెద్దవాళ్లెవరికీ తట్టలేదు.
- రాయడం రాని పిల్లలు బొమ్మ గీసి మడతపెట్టొచ్చు.
- చీటీ నచ్చకపోతే ఒక్కసారి మార్చుకోవచ్చు, మూడింట్లో ఒక్కదాన్నే. రెండోసారి మార్చనిస్తే ఆట చెడుతుంది.

## 5. చేతులు కట్టుకునే పది నిమిషాలు

చీటీలు తీశాక వెంటనే కత్తెర ఇవ్వకండి. ఇది చాలామంది దాటేసే మెట్టు.

1. చీటీని పైకి చదివించండి. "నీ కాకి ఎందుకు వెనక్కి తిరిగింది? ఎవరు పిలిచారు?" అని అడగండి. జవాబు తప్పైనా ఒప్పైనా పర్లేదు, ఒక జవాబంటూ ఉండాలి.
2. డబ్బాల దగ్గరికి వెళ్లి ఏడు వస్తువులు తెచ్చుకోమనండి.
3. ఒక్కో వస్తువునూ తిప్పి చూడమనండి. నిలువుగా, పక్కకు, బోర్లించి. గుడ్ల ట్రే బోర్లిస్తే కొండలు, ఒక్క గుంట కోస్తే గంట, రెండు గుంటలు కలిపి పట్టుకుంటే కప్ప కళ్లు.
4. ఏడింట్లో రెండు వెనక్కి పెట్టేయమనండి.
5. మిగిలిన వాటిని అతికించకుండా నేల మీద పేర్చి, రెండడుగులు వెనక్కి జరిగి చూడమనండి.

నాలుగో మెట్టు దగ్గర పిల్లలు మొండికేస్తారు. అయినా చేయించండి. రెండు వస్తువులు తగ్గగానే మిగతా ఐదు ఎందుకున్నాయో వాళ్లకే తెలుస్తుంది. "ఐదే వస్తువులు" అన్న షరతు వచ్చినవాళ్లకు పని ఇక్కడే సగం అయిపోయినట్టు.

## 6. ఒక బొమ్మ, దగ్గర నుంచి: అలిగిన ప్రెషర్ కుక్కర్

చీటీలు: ప్రెషర్ కుక్కర్, అలిగింది, ఏదో ఒకటి కదలాలి. మొదటిసారి చేసేవాళ్లకు నేను ఇదే చెప్తాను. ఇందులో కట్టు, అతుకు, కదలిక మూడూ ఉన్నాయి.

కావాల్సినవి: మూత ఉన్న పెరుగు డబ్బా, ఒక గట్టి కొబ్బరి ఈనె, స్ట్రా ముక్క, టూత్‌పేస్ట్ మూత, సీసా మూత, రెండు ఐస్‌క్రీం పుల్లలు, శుభలేఖ ముక్క, రెండు సీతాఫలం గింజలు, గుడ్డ పీలిక, మందం అట్ట.

మొదట బెజ్జాలు. డబ్బా మూతకు సరిగ్గా నడుమ, అడుగుకు సరిగ్గా నడుమ ఒక్కో బెజ్జం. దబ్బనంతో పెద్దవాళ్లే వేయాలి. కింద మడిచిన గోనెపట్టా గాని పాత చెప్పు గాని పెట్టి పొడిస్తే దబ్బనం జారదు. మూత బెజ్జం స్ట్రా బిగువుగా పట్టేంత ఉండాలి. అడుగుది ఈనె వదులుగా ఆడేంత చాలు.

తర్వాత దారి. రెండు సెంటీమీటర్ల స్ట్రా ముక్కను మూత బెజ్జంలోకి దించండి. సగం పైన, సగం కింద. చుట్టూ సన్న టేపు వేయండి. ఈనె ఇందులోంచి పోతుంది కాబట్టి అటూ ఇటూ వంగకుండా నిటారుగా లేస్తుంది. ఈ ముక్క పెట్టకపోతే విజిల్ పక్కకు వాలి ఇరుక్కుంటుంది. "కదలడం లేదు" అని వచ్చే బొమ్మల్లో నేను ముందు చూసేది ఇదే.

విజిల్. డబ్బా ఎత్తు కంటే ఆరు సెంటీమీటర్లు ఎక్కువ ఉండేలా ఈనె కోయండి. కింది నుంచి పైకి దూర్చండి. పై కొనకు టూత్‌పేస్ట్ మూత. దానిలో కొంచెం కాగితం ఉండ కుక్కి, ఫెవికాల్ వేసి, ఈనె గుచ్చితే నిలుస్తుంది. కింది కొనకు సీసా మూత కూడా అలాగే. ఇప్పుడు కింది మూతను వేలితో నెడితే పైన విజిల్ లేస్తుంది, వదిలితే దిగుతుంది.

కుదురు. డబ్బా నేల మీద పెడితే కింది మూత నేలకు తగిలి కదలదు. నాలుగు సెంటీమీటర్ల వెడల్పున్న అట్ట పట్టీని గుండ్రంగా చుట్టి, కుండ కింద పెట్టే కుదురులా చేయండి. వెనక వైపు వేలు పట్టేంత సందు వదలండి. డబ్బాను దాని మీద కూర్చోబెట్టి టేపుతో పట్టించండి.

ఇక అలక. ఇక్కడ తొందరపడకండి. అలక అనగానే అందరూ నోరు కిందికి వంచుతారు. అప్పుడది ఏడుపవుతుంది, అలక కాదు. మీ ఇంట్లో అలిగినవాళ్లను తలుచుకోండి. నోరు బిగించి ఉంటుంది. రెప్పలు సగం వాలి ఉంటాయి. ఒళ్లు మీకు కొంచెం పక్కకు తిరిగి ఉంటుంది.

కాబట్టి కళ్లకు గింజలు అతికించి, వాటి మీద సగం కప్పేలా శుభలేఖ ముక్కతో రెప్పలు పెట్టండి. రెండు రెప్పలూ ఒకేలా వద్దు, ఒకటి కాస్త ఎక్కువ వాలాలి. నోటికి చిన్న అడ్డగీత చాలు. ఐస్‌క్రీం పుల్లలు కుక్కర్ పిడులు. గుడ్డ పీలిక మధ్యలో ఒక ముడి వేసి ముందు కట్టుకున్న చేతుల్లా అతికించండి. చివరగా కుదురుకు ఒక వైపు అడుగున మడిచిన అట్ట ముక్క దూర్చి, కుక్కర్ మొత్తాన్ని కొంచెం పక్కకు వాల్చండి.

ఆ చిన్న వాలుతో కుక్కర్ మొహం తిప్పుకుంటుంది. వెనక నుంచి మీరు వేలితో నెడితే విజిల్ ఒక్కసారి లేచి దిగుతుంది, "నాతో మాట్లాడకు" అన్నట్టు. మా సెల్లార్‌లో దీన్ని మొదటిసారి చేసిన అబ్బాయి మధ్యాహ్నం దాకా దాన్ని బతిమాలుతూనే ఉన్నాడు.

## 7. తరచూ జరిగే తప్పులు, సరిచేసే దారులు

బొమ్మ పడిపోతోంది. బరువు పైన ఉంది. డబ్బా అయితే అడుగున గుప్పెడు ఇసుక, అట్ట అయితే పాదాలకు గులకరాళ్లు. రెండు కాళ్లతో నిలవకపోతే తోకో, చేతికర్రో ఇచ్చి మూడో కాలు చేయండి.

అట్ట వంగిపోతోంది. మందం అట్ట అంచు చూడండి, లోపల గొట్టాల్లా మడతలుంటాయి. ఆ గొట్టాలు నిలువుగా ఉంటే అట్ట బరువు మోస్తుంది, అడ్డంగా ఉంటే కూలబడుతుంది. ఇంకా బలం కావాలంటే రెండు ముక్కల్ని ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా పెట్టి అతికించండి.

ప్లాస్టిక్ మీద రంగు ఊడిపోతోంది. ముందు మైదా జిగురుతో న్యూస్‌పేపర్ ముక్కలు రెండు పొరలు అంటించి, ఆరాక రంగు వేయండి. పెద్ద ముక్కలు ముడతలు పడతాయి, రెండు వేళ్లంత వెడల్పుకు చింపినవి బాగా కూర్చుంటాయి. కత్తెరతో కోయకుండా చింపాలి, చింపిన అంచు కలిసిపోతుంది.

బూజు పట్టింది. వానాకాలంలో మామూలే. పొర పొరకూ పూర్తిగా ఆరనివ్వాలి. మొదటి పొర తడిగా ఉండగా రెండోది వేస్తే తేమ లోపల చిక్కుకుంటుంది. ఎండ లేకపోతే ఫ్యాన్ కింద ఒక రోజు.

అందరి బొమ్మలూ ఒకేలా వచ్చాయి. ఎవరో ఫోన్‌లో వీడియో చూపించారు, లేదా మీరే ఒక నమూనా చేసి ముందు పెట్టారు. పనిచేసేంతసేపూ ఫోన్లు పక్కన పెట్టించండి, నమూనా దాచేయండి. కుక్కర్ కూడా ఎలా చేయాలో నోటితోనే చెప్పండి. ఒక బడి ప్రదర్శనలో వరసగా 40 ప్లాస్టిక్ సీసా ఏనుగులు చూశాను, అన్నిటికీ ఒకే తొండం. సగం ఇంట్లో పెద్దవాళ్లు చేసినవని చూడగానే తెలిసింది. ఆ పూట నాకు చాలా బాధేసింది.

"నాకు రావట్లేదు" అని కూర్చున్నారు. బొమ్మ మీరు పట్టుకోకండి. "దీని కాళ్లు ఎక్కడ?" లాంటి ఒక్క చిన్న ప్రశ్న వేసి పక్కకు వెళ్లండి. అయినా కదలకపోతే షరతు చీటీ తీసేసి, మిగతా రెండింటితో చేయనివ్వండి.

పెద్దవాళ్లు లాక్కుంటున్నారు. ఇది మీ ఇంట్లోనే ఎక్కువగా జరుగుతుంది. నాన్నకు వేరే చీటీ తీసివ్వండి. ఆయన బొమ్మ ఆయన చేసుకుంటారు.

## 8. పది మంది పిల్లలతో కూర్చుంటే

గంటన్నర సరిపోతుంది. చీటీలకు పది నిమిషాలు, చూసి ఏరుకోవడానికి పది, చేయడానికి 45, సర్దడానికి పది, చూపించుకోవడానికి 15. సర్దడం ముందు, చూపించడం తర్వాత. తిరగేస్తే సర్దే పని మీ ఒక్కరి మీదే పడుతుంది.

వయసును బట్టి పనిముట్లు:

- మూడేళ్ల లోపు: గింజలు, గుండీలు, మూతలు ఏవీ అందనివ్వకూడదు. పెద్ద అట్టపెట్టె, రంగు చాలు.
- 4 నుంచి 6: మొద్దు కొన కత్తెర, మైదా జిగురు. గింజలు మీ చేతి మీదుగా, లెక్కపెట్టి.
- 7 నుంచి 10: మామూలు కత్తెర, సూది. దబ్బనం పెద్దవాళ్ల దగ్గరే.
- 11 దాటితే: దబ్బనం, సన్న తీగ. కట్టర్ బ్లేడు, వేడి జిగురు గన్ మీరు పక్కన ఉంటేనే.

మొదలుపెట్టే ముందు ఒకసారి చూసుకోండి:

- [ ] ఐదు డబ్బాలు నిండుగా ఉన్నాయా
- [ ] మూడు చీటీల డబ్బాలు, ఒక్కోదాంట్లో పిల్లల సంఖ్య కంటే ఎక్కువ చీటీలు
- [ ] ఇద్దరికి ఒక కత్తెర, నలుగురికి ఒక జిగురు గిన్నె
- [ ] తడి గుడ్డలు, పాత న్యూస్‌పేపర్లు, చెత్తకు వేరే సంచి
- [ ] బ్యాండ్‌ఎయిడ్
- [ ] దబ్బనం, బ్లేడు పిల్లలకు అందని ఎత్తులో

## 9. పేరు, చోటు, విప్పడం

బొమ్మ అయిపోగానే దానికి పేరు పెట్టించండి. శుభలేఖ ముక్క మీద ఆ పేరు, కింద మూడు చీటీలు అంటించి పక్కన నిలబెట్టండి. చూసేవాళ్లకు "ఇదేంటి?" అని అడగాల్సిన పని ఉండదు, కింద చదివి నవ్వుకుంటారు.

చూపించేటప్పుడు "బాగుంది, సూపర్" అని అందరికీ ఒకటే మాట వద్దు. ఒక్కో బొమ్మలో ఒక్క వస్తువును వేలుపెట్టి చూపించి అడగండి: "ఈ జిప్పును నోరు చేయాలని ఎప్పుడు తట్టింది?" పిల్లలు ఆ జవాబు చెప్పేటప్పుడు పక్కవాళ్లు చెవులు రిక్కిస్తారు, వచ్చే వారం ఆ జిప్పు కోసం వెతుకుతారు.

మీ ఇంట్లో సంక్రాంతికో, దసరాకో బొమ్మల కొలువు పెట్టే ఆనవాయితీ ఉంటే కింది మెట్టు వీటికి ఇవ్వండి. పేరంటానికి వచ్చినవాళ్లు పట్టు చీరల బొమ్మల కంటే అలిగిన కుక్కర్ దగ్గరే ఎక్కువసేపు ఆగడం నేను చూశాను.

అన్నీ దాచుకోవడం మాత్రం కుదరదు. నెలాఖరుకు పిల్లలతో కూర్చుని ఒక్కొక్కరూ ఉంచుకోవాల్సిన బొమ్మ ఒకటి ఎంచుకోమనండి. మిగతావాటికి ఫోటో తీసి, విప్పేయండి. మూతలు గుండ్రటివాటిలోకి, ఈనెలు పొడుగువాటిలోకి, గుడ్డలు మెత్తనివాటిలోకి. తళుకుపొడి చల్లినవీ, ప్లాస్టిక్ మీద కాగితం గట్టిగా అంటుకుపోయినవీ పాత సామాన్లవాళ్లు కూడా తీసుకోరు. అందుకే నేను తళుకుపొడి వాడనివ్వను, వీలైనంత వరకు జిగురుకు బదులు కట్టు నేర్పుతాను.

విప్పేటప్పుడు మొదటిసారి కొందరు ఏడుస్తారు. తొందరపెట్టకండి, ఆ బొమ్మ ఇంకో వారం ఉండనివ్వండి. ఈలోపు చీటీల డబ్బాలో పాతవి నాలుగు తీసేసి, కొత్తవి నాలుగు రాయించి వేయండి.